ఎరుపెక్కని ఆకు

ఆ వానాకాలం లంకగట్టు ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎవరొచ్చినా ముందు నాలుక చాపమనేవారు. నాడి చూడడం, బీపీ చూడడం, ఊరూ పేరూ అడగడం, అన్నీ ఆ తర్వాతే. సిస్టర్ ఎస్తేరు చల్లటి డబ్బాలోంచి పట్టకారుతో ఒక ఆకు తీసి నాలుక మీద పరిచేది. ఆకంటే చెట్టుకు మొలిచింది కాదు. చిటికెన వేలి గోరంత పొర, ఆకుపచ్చ రంగు, ప్రాణమున్న పొర. మనిషి ఊపిరిగొట్టం లోపలి కణాల్ని గాజు పళ్లెంలో పెంచి, వాటికి చచ్చిన ఫ్లూ వైరస్ తునకలు అంటించి చేసేవారు. ఫ్లూ పట్టిన మనిషి నోట్లో పడగానే ఆ మనిషి రక్షణ కణాలు దీన్ని శత్రువనుకుని మీద పడతాయి. ఎంత గట్టిగా పడితే రంగు అంత మారుతుంది. తువ్వాలు మడతపెట్టేంతలో సంగతి తేలిపోయేది.

ఆకుపచ్చగా ఉంటే ఇంటికి పొమ్మనడమే. పసుపైతే మంచమిచ్చి కనిపెట్టుకుని ఉండాలి. నడిమధ్య ఎరుపెక్కిందా, ఇక పరుగో పరుగు. ఆ మనిషి రక్షణ కణాలు వెర్రెత్తి ఉన్నాయనీ, తెల్లారేలోగా తన ఊపిరితిత్తుల్ని తామే చీల్చేస్తాయనీ అర్థం. చోద్యమేమిటంటే అప్పటికి వేలికి తొడిగిన క్లిప్పులో ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంటుంది. మనిషి నవ్వుతూ కబుర్లు చెబుతుంటాడు, టీ కావాలంటాడు. అలా నవ్వుతుండగానే, కణాల వెర్రిని ఆపే ఆపుసూది వేసెయ్యాలి. ఆయాసం మొదలయ్యాక వేస్తే మంచినీళ్లు ఎక్కించినట్టే. ఆ సూదులు హైదరాబాదు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చేవి కనుక ఎవరికి వెయ్యాలన్నది డాక్టర్లు కాదు, ఆకే చెప్పేది.

ఆకును కనిపెట్టింది ఆ ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ల్యాబ్ పెట్టుకున్న మురహరి. ఎమర్జెన్సీ డ్యూటీ డాక్టరు వకుళ అతని భార్య. భార్య కావడానికి ముందే మరదలు, సొంత మేనమామ కూతురు. చిన్నప్పుడు కప్పల పొట్ట కోసి చూపిస్తానని బెదిరించిన బావనే చేసుకుంది. చేసుకున్నందుకు ఏనాడూ విచారించలేదు, ఆ వానాకాలం దాకా.

మొదట పోయింది బస్టాండు పక్కన కాఫీ హోటలు నడిపే పేరయ్య. ఆకు ఆకుపచ్చగా ఉంటే వకుళే భుజం తట్టి ఇంటికి పంపింది. మర్నాడు ఆటోలో తెచ్చారు. పెదాలు నేరేడుపళ్లలా ఉన్నాయి. గుమ్మం దాటకుండానే ప్రాణం పోయింది. ఆకు పెట్టేముందు వేడి కాఫీ తాగి ఉంటాడు, ఆ వేడికి ఆకు చచ్చి ఉంటుంది అన్నాడు మురహరి. హోటలువాడు కదా, తాగే ఉంటాడనుకుని అందరూ ఊరుకున్నారు.

తర్వాత ఇందుమతి. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఫోనులో నవ్వుకుంటూ వచ్చింది, ఆకుపచ్చ ఆకుతో నవ్వుకుంటూ వెళ్లింది, మళ్లీ స్ట్రెచర్ మీద వచ్చింది. ఈసారి డబ్బా మూత సరిగా పెట్టలేదన్నాడు మురహరి. అంటే తప్పు ఎస్తేరుదని. ఎస్తేరు ఏడ్చినంత పని చేసింది, బైబిలు మీద ఒట్టేస్తానంది. వకుళకు మాత్రం అనుమానం పురుగులా దొలిచింది. ఈ మనిషి ఆకులు అటూ ఇటూ మారుస్తోందా, తనవాళ్లకోసం సూదులు మిగుల్చుకుంటోందా అని పని మానుకుని మరీ ఎస్తేరు చేతులకేసి చూస్తూ కూర్చునేది. ఏమీ దొరకలేదు. పాపం ఎస్తేరు ప్రతి ఉదయం డబ్బా తెరవగానే మొదటి ఆకు తన నాలుక మీదే పెట్టుకుని చూసుకునేది. జబ్బు లేని మనిషి నోట్లో కూడా ఆకు అంచులు కొద్దిగా నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. పరాయి ఒళ్లు తగిలిందని ఆకు చెప్పే మాట అది. అంచు తిరగలేదంటే ఆకు చచ్చిందని లెక్క, డబ్బా డబ్బా పారబొయ్యాలి. ఇందుమతి వచ్చిన రోజు ఉదయం కూడా ఎస్తేరు నాలుక మీద అంచు శుభ్రంగా తిరిగింది, వకుళ తన కళ్లతో చూసింది. మరి మధ్యాహ్నానికి ఏమొచ్చింది?

ఇందుమతి పెద్దమ్మ సుభద్రమ్మ చావు కాగితాల కోసం వచ్చి వరండా బల్ల మీద కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. వకుళ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే ఆవిడ వెక్కుతూనే, మీదే ఊరు, ఎవరి తాలూకమ్మా అని అడిగింది. మన గోదావరి జిల్లాల వాళ్లకు దుఃఖం వచ్చినా సంతోషం వచ్చినా ఎదుటి మనిషి వరస తేలాలి. వకుళ వాళ్ల నాన్న ఊరు చెప్పింది, తాత పేరు చెప్పింది. సుభద్రమ్మ ఏడుపు ఆపి కాసేపు లోపల్లోపల లెక్కలు వేసుకుంది. ఒక మేనత్తను ఇటు తెచ్చింది, ఒక పినతండ్రిని అటు పెట్టింది.

"అయితే నువ్వు మా చిన్న తాతగారి మనవరాలివమ్మా. మా ఇందుకి పిన్నివవుతావు. మనింట్లో నెల తిరక్కుండా ఇది రెండో చావు. మొన్న హోటలు పేరయ్య పోలా? అతనూ మనోడే, మా మేనమావ కొడుకు," అంది.

వకుళ పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఓదార్చడానికొచ్చిన మనిషి ఓదార్చడం మరిచిపోయింది. ఆ పూట వార్డులో ఎవరేం చెప్పినా చెవికెక్కలేదు.

ఎందరో వచ్చారు, ఎందరికో ఆకు పెట్టారు. పల్లెలవాళ్లు, బస్తీవాళ్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఉత్తరాది కూలీలు, అందరికీ సత్యం చెప్పిన ఆకు సరిగ్గా తన చుట్టాలిద్దరికే అబద్ధం చెప్పడమేమిటి? ఎవరో కావాలని చేస్తున్నారా? మురహరికి తల్లి తరఫు చుట్టాలతో ఆస్తి తగాదాలు లేకపోలేదు. ఛీ, అతనలాంటివాడు కాదని తనే లెంపలేసుకుంది. కానీ అనుమానం ఒకసారి ఇంట్లో కాలు పెట్టాక ఛీ అంటే పోతుందా? మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక ఫ్రిజ్ తెరిచి పోయినవాళ్ల ఆకులు భద్రం చేసిన గాజు గొట్టాలు తీసింది. కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. నడిమి భాగం ఆకుపచ్చ, అందరూ చూసింది అదే. అంచులు చూసినవాళ్లు లేరు. పేరయ్య ఆకు అంచు తిరగలేదు. ఇందుమతి ఆకు అంచు కూడా తిరగలేదు. ఎస్తేరు నోట్లో ఆ ఉదయమే బతికి ఉన్న ఆకు ఇందుమతి నోట్లో రాయిలా పడి ఉందన్నమాట.

చచ్చిన ఆకు కాదిది. బతికుండి, పరాయి ఒళ్లు తగలలేదనుకున్న ఆకు.

ఆ మాట తట్టగానే వకుళ గాజు గొట్టాలు ఫ్రిజ్‌లో పెట్టేసింది. చాలాసేపు డబ్బాకేసి చూస్తూ నిలబడింది. చివరికి పట్టకారుతో ఒక ఆకు తీసి తన నాలుక మీద పెట్టుకుంది. చప్పగా, కొంచెం ఉప్పగా ఉంది. అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడింది. తువ్వాలు మడతపెట్టేంత సేపు అయింది, దుప్పటి మడతపెట్టేంత సేపు కూడా అయింది. ఆకు కదలలేదు, మెదలలేదు, అంచు తిరగలేదు. ఇంకొకటి పెట్టుకుంది. అదీ అంతే. ఇంట్లోకొచ్చిన యజమానిని చూసి మొరగని కుక్కలా నాలుక మీద పడుకుంది. వకుళ దాన్ని ఊసేసి నోరు పుక్కిలించింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మురహరి వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. కూతురు తరళ గట్టు మీద కూర్చుని కాళ్లాడిస్తూ, నాన్నా మాడిపోతోంది, నాన్నా అటు తిప్పు అని పెత్తనం చేస్తోంది. మూడో క్లాసు చదువుతోంది, అచ్చం తల్లి ముక్కు, తల్లి నుదురు. చూసినవాళ్లంతా మేనరికం కదా, రెండు వైపులా ఒకటే పోలిక అనేవారు. వకుళ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, ఆకులు పెంచే ఆ కణాలు అసలు ఎవరివని అడిగింది. మురహరి పొత్తు తిప్పుతూనే, చెప్పాను కదా, రోడ్డు ప్రమాదంలో పోయిన ఒకాయనవి, ఇంటివాళ్లు ఒప్పుకుని ఇచ్చారన్నాడు. ఏ ఊరాయన అని అడిగింది. గుర్తులేదన్నాడు.

గుర్తులేదట! ల్యాబులో ఏ పళ్లెం ఏ రోజు పొంగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి, తన బతుకంతా నిలబెట్టిన కణాలిచ్చినాయన ఊరు గుర్తులేదట. వకుళ ఇంకేం అడగలేదు. పొత్తు చేతికిస్తే గింజలు ఒలిచి తరళ నోట్లో పెడుతూ కూర్చుంది. లోపల మాత్రం పాత సంగతొకటి మెల్లగా కదిలింది. ఆకు పుట్టకముందు ఒక వానాకాలం వకుళకు న్యుమోనియా వచ్చి గొంతులో గొట్టం వేశారు. అప్పుడు తెలివి లేదు. మురహరి పగలూ రాత్రీ మంచం పక్కనే ఉన్నాడని, అలాంటి మొగుడు దొరకడం అదృష్టమని నర్సులు తర్వాత చెప్పారు. లేచాక చాన్నాళ్లు గొంతులో ఒక మూల చీరుకుపోయినట్టు మండేది. గొట్టం గీరుకుంది లేవే అనేవాడు మురహరి. తను నమ్మింది, నమ్మకపోవడానికి కారణమేముంది అప్పట్లో?

నోరు తెరిచి అడిగేస్తే పోయేది. అడగలేదు. అబద్ధం చెబుతాడని కాదు, నిజం చెప్పేస్తాడేమోనని భయం. ఆ రెండు రోజులూ అతను అన్నం కలిపే వేళ్లను చూసింది, కూతురి జడ వేసే వేళ్లను చూసింది, ఆ వేళ్లే తను తెలివి తప్పి పడి ఉండగా గొంతులోకి దిగాయా అని లోపల కుతకుతలాడిపోయింది. అతను ఏమిటలా చూస్తున్నావంటే ఏం లేదంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి మొగుడు పెట్టిన కాఫీ చల్లారిందనే వంకతో పారబోసింది.

మూడో రోజు బడి నుంచి ఫోను. తరళకు ఒళ్లు కాలిపోతోందని. వకుళ పరుగున వెళ్లి ఎత్తుకొచ్చింది. వాన కుంభవృష్టిగా పడుతోంది. గోదావరి ఎర్రగా పొంగి, రేవు దాటించే పంటు ఆపేశారు, వంతెన మీద నీళ్లు. సూదులు తెస్తున్న వ్యాను అవతలి ఒడ్డున ఆగిపోయింది. ఎమర్జెన్సీలో ఆపుసూది ఒక్కటే మిగిలి ఉంది.

తరళ పక్క మంచం మీద నూకరాజు అనే ఆయన ఉన్నాడు. రొయ్యల చెరువు కాపలాదారు. జ్వరముందన్న మాటేగానీ మంచి హుషారుగా ఉన్నాడు. వానకి చెరువు గట్టు తెగుతుందేమోనని బెంగ. భార్య చిట్టెమ్మను, ఇంటికెళ్లి గొడుగు తెచ్చుకో, తడిసి నువ్వు పడకేస్తే నన్నెవరు చూస్తారే అని మందలించి పంపాడు. పక్క మంచం మీది పిల్లను చూసి, ఏం పాపా, బడి ఎగ్గొట్టడానికే కదా జ్వరం తెచ్చుకున్నావని ఆటపట్టించాడు. తరళ నవ్వింది.

ఎస్తేరు ఇద్దరికీ ఆకులు పెట్టింది. నూకరాజు ఆకు చూస్తుండగానే పసుపు తిరిగి, ఆ పసుపు మధ్యలో కుంకుమ బొట్టు పెట్టినట్టు ఎర్రబడింది. తరళ ఆకు ఆకుపచ్చ.

ఎస్తేరు ఊపిరి పీల్చుకుంది. దేవుడు దయ చూశాడమ్మా, పాపకేం లేదంటూ సూది పళ్లెం అందుకుని నూకరాజు వైపు తిరిగింది. వకుళ ఆమె మణికట్టు పట్టుకుంది. ఒక్క నిమిషం ఆగమంది. ఎస్తేరు ఆ చేతికేసి చూసింది, ముఖంకేసి చూసింది. ఇన్నాళ్లూ తనను దొంగను చూసినట్టు చూసిన డాక్టరమ్మ ఇప్పుడేం చేయబోతోందో అర్థమైన చూపది. వకుళకు సిగ్గేసింది. అయినా చెయ్యి వదల్లేదు. నూకరాజుకు వినబడకుండా తెర లాగి, బావను పిలవమంది.

మురహరి తడుస్తూ వచ్చాడు. తరళ నుదుటి మీద చెయ్యి వేసి, ఆకు చూసి, ఆకుపచ్చే కదా, భయం లేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు భార్య ముఖం చూడలేదు.

"అంచు చూడు బావా," అంది వకుళ.

అతను చూడలేదు. చూడక్కర్లేదు.

"ఆ కణాలు నావేనా?"

తెర అవతల నూకరాజు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. బయట వాన హోరు. మురహరి తడి జుట్టులోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"నావైతే తరళ ఒళ్లు వాటిని సొంతమే అనుకుంటుంది, ఇది దాని విషయంలో గుడ్డిది. దానికి సూది కావాలో అక్కర్లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. పేరయ్యకీ ఇందుకీ తెలియనట్టే. నావి కాకపోతే ఆకు నిజమే చెప్పింది, ఆ సూది పక్కాయనది. నువ్వు వద్దంటే నేను వెయ్యను. నువ్వు ఏం చెబితే అది నమ్ముతాను బావా. ఇప్పుడు చెప్పు," అంది వకుళ. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

చెప్పు, అబద్ధమైనా సరే గట్టిగా చెప్పు అని లోలోపల అతన్ని బతిమాలుకుంటూనే ఉంది. కాదని ఒక్క మాట అంటే చాలు. తన ఒళ్లు తనకు దక్కుతుంది, మొగుడు మొగుడుగా దక్కుతాడు, సూది పక్క మంచానికి పోతుంది. కూతురు నిజంగానే క్షేమమని నమ్మి ఆ పక్కన కుర్చీలో కూర్చోవచ్చు.

మురహరి అడుగు ముందుకేశాడు. ఎస్తేరు చేతిలోంచి పళ్లెం తీసుకున్నాడు. సూది మందు లాగాడు. ఎరుపు చూపించని తన ఆకును చెత్తబుట్టలో పడేసి, తరళ జబ్బ తుడిచి, సూది దించేశాడు. ఊళ్లూ జిల్లాలూ తిరిగి ఆకు అబద్ధం చెప్పదని చెప్పుకొచ్చిన మనిషి, కన్నకూతురి దగ్గరకొచ్చేసరికి దాన్ని నమ్మలేదు. ఇంతకన్నా జవాబేం కావాలి?

డ్యూటీ డాక్టరు వకుళే. ఆపాలంటే ఆపొచ్చు. ఎర్రబడ్డ ఆకు పక్క మంచం మీద కళ్లెదుటే ఉంది, అక్కడ అవసరం ఖాయం, ఇక్కడ అనుమానం మాత్రమే. ఆ లెక్క ఆమెకు తెలుసు, పిల్ల డాక్టర్లకు తనే పాఠం చెప్పింది. అయినా కూతురి రెండో చెయ్యి గట్టిగా పట్టుకుని, అయిపోయింది కన్నా, అయిపోయింది అంటూ నిలబడింది.

ఆ తర్వాత వరండాలో మురహరి నోరు విప్పాడు. అప్పుడు ఎవరెవరి కణాలు తెచ్చి పెంచినా పళ్లెంలో నాలుగు పూటలు బతికేవి కావట. ల్యాబు మూసెయ్యమంటున్న రోజులవి. వకుళ గొంతులో గొట్టం మార్చేటప్పుడు కాస్త గోకి తీశాడు. ఒక్క పళ్లెం వేసి చూద్దామని, అంతే. అవి బతికాయి. బతకడమేమిటి, పళ్లెం అంచులు దాటి పాకాయి. వకుళ లేచాక చెబుదామనే అనుకున్నాడు. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటుండగానే ఆకు పేరు పైకొచ్చింది. నీవల్ల ఎందరు బతికారో తెలుసా వకుళా అన్నాడు. ఎందరో బతికారు, అబద్ధం కాదు. ఆ బతికినవాళ్లందరి నాలుకల మీదా తను తన మాంసాన్నే పెట్టిందని, నిద్రపోతున్నప్పుడు దొంగిలించిన మాంసమని తలుచుకుంటే ఆమెకు ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. అడిగి ఉంటే ఇచ్చేదాన్నిరా అనాలనుకుంది. చిన్నప్పుడు అలా రా, ఒరే అనే పిలిచేది. పేరయ్య పోయినప్పుడే నీకు తెలుసు కదా అని మాత్రం అడిగింది. మురహరి తల దించుకున్నాడు. కాఫీ, డబ్బా మూత, ఎస్తేరు నిర్లక్ష్యం, అన్నీ తెలిసి అల్లినవే.

నూకరాజుకు ఉన్న మందులన్నీ వేశారు, ఉన్న మిషన్లన్నీ పెట్టారు. గొడుగుతో తిరిగొచ్చిన చిట్టెమ్మ చూస్తుండగా వకుళ ఆ మంచానికీ ఫోనుకీ మధ్య తిరుగుతూనే ఉంది. అవతలి ఒడ్డుకు ఫోను మీద ఫోను చేసింది, పోలీసు పడవ అడిగింది, కలెక్టరాఫీసువాళ్ల కాళ్లా వేళ్లా పడింది. గోదావరి ఎవరి మాటా వినే స్థితిలో లేదు. పొద్దుగూకాక నూకరాజు కూనిరాగం ఆపేశాడు. తర్వాత దిండు ఎత్తు చెయ్యమన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. వ్యాను వచ్చేసరికి సూదులతో పని లేకుండా పోయింది.

తరళ ఉదయం లేచి ఇడ్లీ అడిగింది. జ్వరం దిగిపోయి నుదురు చల్లగా ఉంది. సూది వల్ల తగ్గిందో, మామూలు జ్వరమై తనంతట తనే తగ్గిందో చెప్పగల ఆకు లోకంలో లేదు. వకుళ కూతుర్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. సంతోషమూ ఏడుపే, రెండోదీ ఏడుపే, విడదీసుకోవడం ఆమెవల్ల కాలేదు. పక్క మంచానికి దుప్పటి మార్చేశారు. ఆ తాత ఇంటికెళ్లిపోయాడా అమ్మా అని తరళ అడిగింది. వెళ్లిపోయాడంది.

శవాన్ని తీసుకెళ్లడానికి బంధువులు ట్రాక్టరు తెచ్చారు. వాన తెరిపిచ్చింది. చిట్టెమ్మ జనంలోంచి విడివడి వకుళ దగ్గరకొచ్చింది. చంకలో ఆ గొడుగు అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకు తిరుగుతున్నట్టుంది. మురహరి నాలుగడుగుల దూరంలో స్తంభం పక్కన నిలబడ్డాడు. ఎస్తేరు మందుల ట్రే సర్దుతున్నట్టు వంగి ఉంది.

"ఆకు ఎర్రగా వచ్చిందంట కదమ్మా. మరి ఆ సూది ఏశారా మా ఆయనకి?" అని అడిగింది చిట్టెమ్మ.

నిలదీసి అడిగిన అడుగు కాదు. భయపడుతూ అడిగింది. వకుళ ఆమె కళ్లలోకి చూసింది. నిజం చెప్పాలి. ఏ నిజం దాచాడని మొగుడి మీద లోపల్లోపల ఉడికిపోయిందో ఆ నిజమే ఇప్పుడు ఈమెకు తను బాకీ. వెయ్యలేదమ్మా, నా కూతురికి వేసుకున్నాం. నాలుగు ముక్కల మాట. వెనక గదిలో తరళ ఎవరితోనో మాట్లాడుతూ కిలకిలా నవ్వుతోంది, ఆ నవ్వు వరండా దాకా వినిపిస్తోంది. ఈ ఆడమనిషి ఆ నవ్వు వింటే, విని తన ముఖం చూస్తే?

"వేశామమ్మా," అంది వకుళ.

ఎస్తేరు చేతులు ట్రే మీద ఆగిపోయాయి. తల ఎత్తలేదు. స్తంభం దగ్గర మురహరి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చిట్టెమ్మ గొడుగు కింద పడేసి వకుళ రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులకు తన తల ఆనించి ఏడ్చింది. ఎప్పట్నుంచో బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలినట్టు ఏడ్చింది.

"అంతే చాలమ్మా. సూదులు డాక్టర్లు అయినోళ్లకి దాసుకుంటన్నారని బయట ఒకటే గోల. నేను నమ్మలేదు. నిన్న నీ కాలు ఒక సోట నిలవలేదు, నా కళ్లతో సూశాను కదా," అంది.

ట్రాక్టరు దగ్గర్నుంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమె వదల్లేదు. వకుళ చేతులు వెనక్కి తీసుకోలేక, ఆమె ఏడుపు అయ్యేదాకా అలాగే నిలబడింది.